జైలు నుంచి వచ్చాక 14416: రెండేళ్లుగా వాడుతున్న అనుభవం

చర్లపల్లిలో శిక్ష పూర్తి చేసుకుని వచ్చినవాణ్ణి. మనసు బాగోలేనప్పుడు ఫోన్‌లో సాయం చేసే టెలీ మానస్ నంబరు 14416కి రెండేళ్లుగా ఫోన్ చేస్తున్నాను. నాలాగే బయటికి వచ్చినవాళ్లకూ, వాళ్ల ఇంట్లోవాళ్లకూ పనికొస్తుందని రాస్తున్నాను.

కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన సేవ ఇది. పైసా ఖర్చు లేదు. పగలూ రాత్రీ ఎప్పుడైనా తెలుగులో మాట్లాడొచ్చు. బటన్ ఫోన్ ఉన్నా చాలు. కొత్తగా విడుదలైనవాడికి ఇదేమీ చిన్న సంగతి కాదు.

నాకు రాత్రుళ్లే కష్టం. బ్యారక్‌లో రాత్రంతా లైటు ఉంటుంది, చుట్టూ మనుషులుంటారు. ఇంట్లో చీకట్లో కన్ను మూతపడేది కాదు. తలుపు వేస్తే ఊపిరాడదు, తీసి ఉంచితే భయం. మా ఆవిడ వెనక నుంచి పిలిస్తే ఉలిక్కిపడి లేచి నిలబడేవాణ్ణి. ఏం కూర వండమంటావని అడిగితే నోట మాట రాదు. అన్నేళ్లూ నేనేం తినాలో వేరేవాళ్లే చెప్పారు మరి! ఇంట్లోవాళ్లకు ఇదంతా పొగరులా, ప్రేమ లేనట్టు కనిపిస్తుంది. మనిషి విడుదలైనా ఒంటికి ఇంకా విడుదల కాలేదు, అంతే.

ఫోన్ ఎత్తిన కౌన్సెలర్ ఏం కేసని అడగలేదు. నిద్ర పడుతోందా, తింటున్నారా, చనిపోవాలనిపిస్తోందా అని అడిగారు. చిన్న లైటు వేసుకుని పడుకోమన్నారు, రోజూ ఒకే వేళకు లేవమన్నారు, దడ వచ్చినప్పుడు నెమ్మదిగా ఊపిరి వదలడం నేర్పారు. తర్వాత జిల్లా ఆస్పత్రిలో మానసిక వైద్యుణ్ణి కలవమన్నారు. ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రి పేరెత్తితేనే పిచ్చోడనే ఊరు మాది. మీద ఒక ముద్ర ఉన్నవాడు రెండోదానికి భయపడతాడు. ఫోన్‌లో ముందే అంతా మాట్లాడుకున్నాను కాబట్టే ఆస్పత్రి మెట్లెక్కగలిగాను.

ఉద్యోగం మాత్రం ఈ నంబరు ఇప్పించలేదు. నాకు జైళ్ల శాఖ పెట్రోల్ బంకులో పని దొరికింది. పక్క పంపు దగ్గర నిలబడేవాడూ లోపల ఉండి వచ్చినవాడే, అతని ముందు ఏదీ దాచక్కర్లేదు. నా టెన్షన్ సగం అక్కడే తగ్గింది. కోర్టు కాగితాల సంగతైతే ఉచిత న్యాయ సహాయానికి 15100 వేరే ఉంది.

ఇంకొకటి, ఇంట్లోవాళ్లు కూడా 14416కి ఫోన్ చేయొచ్చు. నేను లేనన్నాళ్లూ ఇల్లంతా మా ఆవిడే నడిపింది. నేను రాగానే పెత్తనం ఎవరిదన్న గొడవ మొదలైంది. ఆమె విడిగా మాట్లాడాకే మా మధ్య అరుపులు తగ్గాయి. విడుదల తేదీ తెలిసిన ఇంట్లో, మనిషి రాకముందే ఒకసారి చేసి మాట్లాడండి.