అంబాసిడర్‌కి డిస్క్ బ్రేక్ కిట్ కొనేవాళ్లు ఒక్క నిమిషం ఆగండి

బండి సాలూరు షెడ్డులో ఉంది. నేను నిన్న రాత్రి బస్సులో విజయనగరం చేరాను. ఒళ్లు మండిపోతూ రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకుని చదవండి.

పేరు రాయను. పాత కార్ల సామాను అమ్మే ఆ పెద్దమనిషి ఎవరో పాత బండ్లున్న మనందరికీ తెలుసు. ప్రతివాడినీ "సార్ సార్" అంటూ డబ్బు పడేదాకా పూటకోసారి పలకరిస్తాడే, ఆయనే.

నాది 1974 మార్క్ 2, నాన్నగారిది. నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే, అంటే లోపలి నుంచి లైనర్లు డ్రమ్మును ఒత్తి ఆపేవి. ఒడిశా జయపురంలో చెల్లెలింటికి నెలకోసారైనా వెళ్తాం. దారిలో సుంకి ఘాట్ దిగేటప్పుడు డ్రమ్ములు వేడెక్కి బ్రేక్ మెత్తబడుతోందని ముందు చక్రాలకు డిస్కులు (రెండు వైపులా ప్యాడ్లు బిళ్లను నొక్కి పట్టే బ్రేకులు) వేయిద్దామనుకున్నాను. కిట్‌కి ఆయనకే 38,500 కట్టాను. (నాన్నగారు అవే డ్రమ్ములతో, సెకండ్ గేర్ వదలకుండా, ఇదే ఘాట్ ముప్పై ఏళ్లు దిగారు. నాకే తెలివెక్కువైంది.)

కట్టేముందు రెండుసార్లు అడిగాను, మాస్టర్ సిలిండర్ (పెడల్ నొక్కితే బ్రేక్ ఆయిల్‌ని చక్రాలకు తోసేది) కూడా మార్చాలా అని. వాయిస్ మెసేజ్ పెట్టాడు: "పాతదే పనికొస్తుంది సార్, మీచేత అనవసరంగా ఎందుకు ఖర్చు పెట్టిస్తాను?" నా డబ్బు మీద ఎంత బెంగో! అది మా ఆవిడకి వినిపించి "చూశావా, నిజాయితీపరుడు" అన్నాను. నిన్నటి నుంచి ఆ మాట నాకు నాలుగుసార్లు అప్పజెప్పింది.

వెళ్లేటప్పుడే సాలూరులో టీకి ఆగితే ముందు చక్రాల దగ్గర మాడు వాసన. చేయి పెడితే చుర్రుమంది. ఫోన్ చేస్తే "కొత్త ప్యాడ్లు సార్, అరిగితే సర్దుకుంటాయి" అన్నాడు. తలూపి కొండెక్కేశాను. వెర్రివాడినని నాకు వేరే సర్టిఫికెట్ అక్కర్లేదు.

తిరుగు ప్రయాణంలో సుంకి దాటాక ఒక మలుపు, ముందు లోడు లారీ. కాలు వేస్తే పెడల్ దూది నొక్కినట్టు కింద దాకా దిగిపోయింది. మళ్లీ కొట్టాను, అంతే. వెనక అమ్మ "పైడితల్లీ" అని కేక. ఫస్ట్‌లోకి లాగి, హ్యాండ్ బ్రేక్ పీకి, కొండ వైపు కాలవలోకి దించేశాను. బంపరు, మడ్‌గార్డ్ పోయాయి. మనుషులం మిగిలాం.

గంట ఆగితే చల్లారి బ్రేక్ మళ్లీ వచ్చింది. పాకుతూ సాలూరు చేరాం. లారీలు బాగుచేసే ముసలాయన ముందు చక్రం జాకీ మీద లేపి తిప్పమన్నాడు. రెండు చేతులతో తిప్పినా కదల్లేదు. బ్రేక్ ఆయిల్ వదిలే నిపుల్ కొంచెం వదులు చేశాడు, ఆయిల్ చిమ్మింది, చక్రం గిర్రున తిరిగింది. "ఏటి బాబూ, డ్రమ్ముల మాస్టరెట్టి డిస్కులు బిగించేసినారు!"

విషయం ఇదీ. ఆ పాత మాస్టర్ సిలిండర్‌లో చిన్న వాల్వు ఉంటుంది, కాలు తీసినా లైన్లో కాస్త ప్రెషర్ నిలిపి ఉంచుతుంది. డ్రమ్ముల్లో లైనర్లను వెనక్కి లాగే స్ప్రింగులుంటాయి కాబట్టి ఫర్వాలేదు. డిస్కులకు ఆ స్ప్రింగుల్లేవు, ప్యాడ్లు పట్టుకునే ఉంటాయి. అంటే జయపురం పోయి వచ్చిందంతా నేను బ్రేక్ నొక్కే నడిపానన్నమాట. ఆయిల్ మరిగి ఆవిరైంది, ఆవిరి నొక్కితే కుదించుకుపోతుంది కాబట్టి పెడల్ దిగిపోయింది. పైగా నా బండిలో నాలుగు చక్రాలకూ ఒకటే లైను, ముందు పోతే వెనకా పోయినట్టే. డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ కొత్తదైతే 205 డిగ్రీల దాకా ఆగుతుంది, తేమ పట్టిందైతే 140కే మరుగుతుంది. నేను కొత్తది పైపైన పోయించానే తప్ప పాతది పూర్తిగా తీయించలేదు, ఆ తప్పు నాదే.

షెడ్డులోంచే ఆయనకి ఫోన్ చేశాను. తిట్టాలని కూడా కాదు, సరైన మాస్టర్ సిలిండర్ పంపుతాడేమోనని. మొత్తం విని, "ఇప్పుడు బ్రేక్ పడుతోందా?" అన్నాడు. పడుతోందన్నాను. "మరింకేంటి సార్?"

మరింకేంటట! అక్కడ బల్ల మీద అమ్మ చేతిలో మంచినీళ్ల గ్లాసు ఇంకా వణుకుతోంది.

పాతదే పనికొస్తుందని మీరే అన్నారు కదా అంటే, "నేను కిట్ అమ్మాను. మిగతాది మీ మెకానిక్ చూసుకోవాలి" అన్నాడు. తర్వాత నవ్వాడండీ. "యాభై ఏళ్ల బండితో ఘాట్లెందుకు సార్, పూలదండలేసి పెళ్లిళ్లకి తిప్పుకోండి" అని పెట్టేశాడు. స్పీకర్లో ఉంది ఫోను, షెడ్డంతా విన్నారు. ఆయన వాయిస్ మెసేజే ఆయనకి తిప్పి పంపాను. ఒకటే టిక్కు. ఫోటో మాయం. డబ్బు పడేదాకా పూటకోసారి పలకరించిన మనిషి.

కొనేవాళ్లు మాస్టర్ సిలిండర్ సంగతి రాసి ఇమ్మనండి. బిగించాక పెడల్ నొక్కి వదిలి, జాకీ మీద చక్రం చేత్తో తిప్పి చూడండి. ఐదు నిమిషాల పని. ఆయిల్ మొత్తం మార్పించండి.

అన్నట్టు, నా పాత డ్రమ్ములు తుక్కుకి వేసేశాను. ఎవరి దగ్గరైనా మార్క్ 2 ముందు డ్రమ్ములు, ప్లేట్లతో సహా ఉంటే చెప్పండి. శ్రీకాకుళమైనా సరే, నేనే వచ్చి తీసుకుంటాను. బస్సులో.