ఇంక్‌స్కేప్‌తో మూడేళ్లు: తెరమీద హాయి, ఫ్లెక్సీమీద తంటా

ఒంగోలులో డిగ్రీ మొదటి సంవత్సరంలో చేరినప్పుడు వెబ్‌సైటు డిజైనూ లోగోల పనీ నేర్చుకోవాలన్న కోరికైతే బలంగా ఉండేది గానీ, అడోబీవారి బొమ్మల సాఫ్ట్‌వేరు ఇల్లస్ట్రేటర్‌కు నెలనెలా చందా కట్టే స్తోమత మాత్రం లేదు. అందుకని ఉచితంగా దొరికే ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే ప్రోగ్రాంను నాలుగు జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో వేసుకున్నాను. మూడేళ్లుగా దాదాపు రోజూ వాడుతున్నాను కాబట్టి, దీని మంచీ చెడూ చెప్పగలననే అనుకుంటున్నాను.

మొదటి అసలైన పని మా బాబాయి పాలకేంద్రానికి లోగో. ఒంగోలు అనగానే గిత్తే కదా అని, ఒక ఫొటో తీసుకుని, దాన్ని గీతల బొమ్మగా మార్చే ‘ట్రేస్ బిట్‌మ్యాప్’ నొక్కాను. క్షణాల్లో బొమ్మ వచ్చింది, దాంతోపాటు వందలకొద్దీ నోడ్లూ (గీతను పట్టి ఉంచే బిందువులు) వచ్చాయి. మూపురం అంచు రంపపు పళ్లలా ఉంది, గంగడోలు ముడతలన్నీ కలిసి నల్లటి మరకైపోయాయి. దాన్ని పదహారు పిక్సెళ్లకు కుదించి బ్రౌజరు ట్యాబులో పెట్టి చూస్తే చీమ తల కూడా అంతకన్నా నయం. అప్పుడు ఫొటోను అడుగు పొరలో పెట్టి, వంపు గీతలు గీసే బెజియర్ పెన్నుతో మొత్తం మళ్లీ గీశాను. ముట్టెనుంచి మూపురం దాకా ఒకే వంపు, గంగడోలుకు మరొకటి. అన్నీ కలిపి ఇరవై నోడ్లు దాటలేదు. లోగో అంటే వివరాలు చేర్చడం కాదు, తీసేయడమని నాకు అర్థమైంది ఆ రాత్రే. తీరా బాబాయికి చూపిస్తే, ‘పాలకొట్టుకి ఎద్దు బొమ్మేందిరా?’ అన్నాడు. మూపురం తగ్గించి, ముఖం సన్నం చేసి ఆవుగా మార్చడానికి మరో పూట పట్టింది. ఈ పశువులనే బ్రెజిల్‌లో నెల్లూరు పేరుతో పిలుస్తారని చెప్పినా ఆయన కోపం తగ్గలేదు.

వెబ్‌సైటు నేర్చుకునేవారికి దీనిలో ఉన్న పెద్ద సౌకర్యం, బొమ్మను గీతల లెక్కలుగా రాసుకునే వెబ్ ఫైలు రకమైన ఎస్‌వీజీనే ఇది తన సొంత ఫైలు రూపంగా వాడుకోవడం. గీసిన లోగోను నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే, మనం లాగిన ప్రతి వంపూ అంకెల రూపంలో కనిపిస్తుంది. రంగు ఉన్నచోట ‘కరెంట్‌కలర్’ అని రాసి, ఆ కోడును వెబ్‌పేజీలోనే అతికిస్తే, నల్లటి నేపథ్యం వచ్చినప్పుడు పేజీకి రంగూ రూపూ ఇచ్చే సీఎస్ఎస్‌తోనే లోగోను తెల్లగా మార్చుకోవచ్చు. క్లాసులో బట్టీ పట్టిన సీఎస్ఎస్ నాకు ఒంటబట్టింది ఇలా కెలికినందువల్లనే. అయితే వెబ్‌సైటుకు పెట్టేటప్పుడు ‘ప్లెయిన్ ఎస్‌వీజీ’గానే భద్రపరచాలి, లేకుంటే లోపల అక్కర్లేని చెత్త మిగులుతుంది. ఆ చెత్తలో ‘సోడిపోడి’ అన్న మాట చూసి వైరస్సేమోనని భయపడ్డాను; 2003లో ఇంక్‌స్కేప్ ఏ ప్రోగ్రాంనుంచి చీలి వచ్చిందో దాని పేరట అది.

తెలుగు అక్షరాల విషయానికి వస్తే, యూనికోడ్ ఫాంట్లతో ఒత్తులూ గుణింతాలూ చక్కగా కూర్చుంటాయి. పేరుకు రామభద్ర, వివరాలకు మండలి వాడాను. రెండూ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితమే. చిక్కంతా ప్రింటింగు షాపు గడప దగ్గర మొదలైంది. అక్కడ కోరల్‌డ్రా అనే డిజైన్ ప్రోగ్రాంలో, అను అనే పాత తరహా తెలుగు ఫాంట్లతో పని చేస్తారు. అను అక్షరాలు యూనికోడ్ కావు కనుక అటునుంచి ఇటు తెచ్చుకుంటే పిచ్చి ఇంగ్లీషు గీతలు కనబడతాయి, ఇటునుంచి అటు పంపితే మన ఫాంటు వాళ్ల కంప్యూటరులో ఉండదు. ‘ఏంది తమ్ముడూ, ఒత్తులన్నీ ఊడిపోయినాయి’ అని ఆ షాపు అన్న తెర నావైపు తిప్పితే, ‘శ్రీ’ ముక్కలై కనిపించింది. ఇప్పుడు ఇచ్చే ముందు అక్షరాలను ఎంచుకుని ‘ఆబ్జెక్ట్ టు పాథ్’ కొడతాను. అక్షరం బొమ్మ అయిపోతుంది కనుక ఫాంటుతో పని ఉండదు. తరువాత అక్షరదోషం దొరికితే దిద్దలేము కాబట్టి, మార్చని ఫైలును విడిగా ఉంచుకోవడం తప్పనిసరి. అది మరిచి ఒకసారి పేరంతా తిరిగి కూర్చాను.

రంగుల దగ్గర మాత్రం దీన్ని మెచ్చుకోలేను. ఎగుమతి చేసే పీడీఎఫ్ తెర రంగులైన ఆర్‌జీబీలోనే వస్తుంది, ఫ్లెక్సీ యంత్రం సిరా కలిపేదేమో నాలుగు ముద్రణ రంగుల సీఎంవైకే లెక్కలో. నేను ముచ్చటపడి ఎంచుకున్న చిలకపచ్చ, ఎనిమిది అడుగుల బోర్డుమీద ఎండిన గోంగూర రంగులో దిగింది. మళ్లీ వేయించడానికి డబ్బు నాదే పోయింది. అప్పటినుంచి అడుగు ముక్క నమూనా వేయించుకుని, ఎండలో చూసి, ఆ తరువాతే మొత్తం వేయమంటున్నాను.

బొమ్మను మసకబార్చే బ్లర్ వంటి హంగులు వాడితే నా ల్యాప్‌టాప్ మొరాయిస్తుంది. లోగోలో బ్లర్ ఉండకూడదు కనుక అది నాకు లోటుగా తోచలేదు. 1.2 వెర్షన్‌లో వచ్చిన బహుళ పేజీల సదుపాయం వల్ల విజిటింగ్ కార్డు, బోర్డు, లెటర్‌హెడ్ ఒకే ఫైలులో పెట్టుకుంటున్నాను.

ముద్రణకు తగ్గట్టు పచ్చరంగును కాస్త ముదురు చేసి రెండో బోర్డు వేయించాము. వెబ్‌సైటులో చిలకపచ్చను అలాగే ఉంచాను. రెండింటికీ ఒకే రంగు ఉండాలని బ్రాండింగ్ పాఠాల్లో చదివిన నాకు అది ఇంకా గుచ్చుకుంటూనే ఉంది గానీ, బోర్డులో ఉన్న పచ్చే అసలైన గడ్డి రంగని బాబాయి వాదన.