లేని వంతెన, విరిగిన ఫిడేలు

స్కాట్లండ్‌లోని అబర్డీన్‌కి ఉద్యోగానికి వచ్చిన కొత్తలో ఒక పబ్‌లో ‘మెక్‌ఫర్సన్స్ రాంట్’ విన్నాను. ఉరికంబం దగ్గర నిలబడి ఫిడేలు వాయించిన బందిపోటు పాట. అతనెవరో తెలుసుకోవాలని అప్పటినుంచీ ఒకటే పట్టుదల. మొన్న మే నెలలో నాలుగు రోజులు సెలవు దొరికితే నేనూ మా ఆవిడా బయల్దేరాం.

ముందు బాన్ఫ్ వెళ్లాం. ఆ ఊరికి రైలు లేదు, అబర్డీన్ నుంచి బస్సులో దాదాపు రెండు గంటలు. జేమ్స్ మెక్‌ఫర్సన్‌ని 1700 నవంబరు 16న ఇక్కడే ఉరితీశారు. తండ్రి హైలాండ్స్ కొండప్రాంతంలో జమీందారు, తల్లి జిప్సీ అంటారు. తీర్పులో మొదట రాసిన నేరం చదివితే మనసు చివుక్కుమంది. ‘ఈజిప్షియన్’ అని, అంటే జిప్సీ అని పేరుపడటం! అప్పటి స్కాట్లండ్ చట్టంలో అదే నేరం. దౌర్జన్యం, దొంగతనం ఆ తర్వాతే.

క్షమాభిక్ష బాన్ఫ్ వంతెన మీదుగా వస్తుంటే, అది చేరేలోపే ఉరితీయాలని ఊరి గడియారాన్ని పావుగంట ముందుకు తిప్పారని పాటలో ఉంది. ఆ వంతెన మీద చాలాసేపు నిలబడ్డాను. ఏడు కమాన్లు, కింద డెవరాన్ నది, ఎదురుగా సముద్రం. కానీ జాన్ స్మీటన్ అనే ఇంజినీరు దీన్ని కట్టింది 1770లలో. దానికి ముందున్న వంతెన 1768 వరదకి కొట్టుకుపోయింది, అదీ 1760లలో కట్టిందే. 1700లో ఇక్కడ వంతెనే లేదు! పైగా తీర్పులో ఉరి మధ్యాహ్నం రెండుకీ మూడుకీ మధ్య అని ఉంది. గంట వెసులుబాటు చేతిలో ఉన్నవాళ్లకి గడియారం తిప్పాల్సిన అవసరం ఏముంటుంది?

బాన్ఫ్‌లో బస బాగుంది. శాకాహారులమని ముందురోజే చెప్పాం. ఇంటావిడ పొద్దున్నే బంగాళాదుంప రొట్టెలు పెనం మీంచి వేడివేడిగా తెచ్చి వడ్డించింది.

ఆ గడియారం ఇదేనంటూ డఫ్‌టౌన్ అనే ఊరి నడిబొడ్డున ఉన్న టవర్‌ని చూపిస్తారు. ఆ ఊరు చూడ్డానికి ఒక గంటసేపు చాలు. రాత్రికి ఆన్‌లైన్‌లో బుక్ చేసిన గదికి వెళ్తే తలుపు తీసే దిక్కు లేదు, ఫోన్ ఎత్తరు. నలభై నిమిషాలు చలిలో టెన్షన్ పడ్డాం. వెళ్లేముందు తాళం ఎవరిస్తారో కనుక్కోండి.

తర్వాత ఎల్గిన్‌కి బస్సు, అక్కడినుంచి ఇన్వర్నెస్ మీదుగా న్యూటన్‌మోర్‌కి రైలు. అక్కడి మెక్‌ఫర్సన్ వంశ మ్యూజియంలో విరిగిన ఫిడేలు ఒకటి ఉంది, అతనిదేనని చెబుతారు. చివరి పాట వాయించాక, దీన్ని ఎవరైనా తీసుకోండని అడిగితే ఒక్కరూ ముందుకు రాలేదట. విరగ్గొట్టేశాడట. తీసుకున్నవాడు అతని మనిషని పేరుపడతాడు మరి. పేరుపడటమే నేరమైన చోట ఎవరు చేయి చాస్తారు? గడియారం కథ కన్నా నాకు ఇదే నిజమనిపించింది. మా ఆవిడ ఆ ఫిడేలున్న అద్దాల పెట్టె ముందునుంచి చాలాసేపు కదల్లేదు.

ఒక్కచోటికే వెళ్లే వీలుంటే ఇక్కడికే వెళ్లండి. ఏప్రిల్ నుంచి అక్టోబరు వరకే తెరిచి ఉంటుంది. టికెట్ లేదు, తోచినంత పెట్టెలో వేయొచ్చు. స్టేషన్ నుంచి నడిచే వెళ్లిపోవచ్చు.