రోమ్ నుంచి సముద్రానికి: ఓస్తియా, సాంతా మారినెల్లా, స్పెర్లోంగా – ఏది ఎవరికి

రోమ్‌కి సముద్రం పాతిక కిలోమీటర్ల దూరమే. జూలైలో కొలోసియం, ఫోరం తిరిగి మాడు పగిలే ఎండ తిన్నవాళ్లకి మూడో రోజుకల్లా నీళ్ల మీదకి మనసు పోతుంది. అప్పుడు అందరూ చెప్పే పేరు ఓస్తియా, ఎందుకంటే సిటీ టికెట్‌తోనే వెళ్లిపోవచ్చు. ఓస్తియాకున్న పెద్ద సుగుణం కూడా అదే. నీళ్లు తేటగా ఉండాలంటే వేరే లైన్లో ఇంకో అరగంట ఎక్కువసేపు కూర్చుని సాంతా మారినెల్లా వెళ్లాలి. ఒక రాత్రి సముద్రం దగ్గరే పడుకునే వీలుంటే స్పెర్లోంగా. మిగతా వివరమంతా టికెట్లు, వేళలు, గొడుగుల అద్దెల గురించే. రోజు పాడయ్యేది కూడా సాధారణంగా వాటి దగ్గరే.

ముందు ఓస్తియా. మెట్రో బి లైన్‌లో పిరామిదే స్టేషన్ దగ్గర దిగితే దాన్ని ఆనుకునే పోర్తా సాన్ పావోలో స్టేషన్ ఉంటుంది. అక్కడ మెత్రోమారే రైలు ఎక్కాలి. 1924లో మొదలైన లైను ఇది. పాతవాళ్లు ఇప్పటికీ రోమా–లీదో అనే అంటారు. 1.50 యూరోల మామూలు సిటీ టికెట్ 100 నిమిషాలు చెల్లుతుంది, వేరే టికెట్ అక్కర్లేదు. లీదో చెంత్రో స్టేషన్‌కి అరగంట పైచిలుకు ప్రయాణం, అక్కణ్ణుంచి ఒడ్డుకి పది నిమిషాల లోపు నడక. అయితే ఈ లైను ఆలస్యాలకి, రద్దయ్యే రైళ్లకి రోమ్‌లో పేరుమోసింది. పొద్దున వెళ్లడం తేలికే. ఆదివారం సాయంత్రం ఆరు, ఏడు మధ్య ఊరంతా ఒకేసారి వెనక్కి బయల్దేరుతుంది, అప్పుడే కష్టం. ఆ రోజు సాయంత్రం నాలుగున్నరకే ఒడ్డు నుంచి బయల్దేరాలి, లేదా సూర్యాస్తమయం చూసుకునే బయల్దేరాలి. జూన్ చివర్లో పొద్దు గుంకేది రాత్రి తొమ్మిదింటికి కాస్త ముందు.

లీదో చెంత్రోలో దిగి సముద్రం ఏదీ అని వెతుక్కునేవాళ్లు చాలామంది. తీరం వెంట వరసగా స్టాబిలిమెంతోలు, అంటే గొడుగులు, పడక కుర్చీలు అద్దెకిచ్చే ప్రైవేటు బీచ్‌లు కట్టేశారు. వాటి గోడలు, కేబిన్లు అడ్డొచ్చి రోడ్డు మీద నుంచి నీళ్లు కనిపించవు. అందుకే ఊరివాళ్లు తీరం రోడ్డుని ‘లుంగోమారే’ అనకుండా ‘లుంగోమూరో’, అంటే పొడుగాటి గోడ అని ఎగతాళి చేస్తారు. ఇక్కడి ఇసుక ముదురు రంగుది, అగ్నిపర్వత ఖనిజాలున్న ఇసుక. మధ్యాహ్నం పన్నెండు దాటితే ఒట్టి కాళ్లతో నాలుగడుగులు వేయలేరు. టైబర్ నది సముద్రంలో కలిసేది ఈ పక్కనే కాబట్టి నీళ్లు మట్టిరంగులో ఉంటాయి, వాన పడిన మర్నాడు మరీను. అది మురికి అనుకోనక్కర్లేదు, ఎక్కువ భాగం నది మోసుకొచ్చిన ఒండ్రే. కానీ నది నోటి దగ్గర స్నానం నిషేధం, ఆ బోర్డులు చూసుకోవాలి.

ఓస్తియాలో డబ్బు పెట్టకుండా మంచి ఒడ్డు కావాలంటే లీదో చెంత్రోలో దిగకూడదు. లైను చివరి స్టేషన్ క్రిస్తోఫోరో కొలొంబో దాకా వెళ్లి, బయట 07 నంబరు బస్సెక్కి కాస్తెల్‌పోర్త్సియానో వైపు పోవాలి. అక్కడి ఉచిత బీచ్‌ని ‘కాంచెల్లి’ అంటారు, గేట్లు అని అర్థం. గేట్లకి వరసగా నంబర్లుంటాయి. ఇసుక తిన్నెలు, వాటి వెనక పొదలు, ఆ వెనక ఇటలీ అధ్యక్షుడి ఎస్టేటు అడవి. కట్టడాలు తక్కువ. ఇబ్బంది బస్సుతోనే. ఆగస్టు ఆదివారాల్లో కిక్కిరిసి వస్తుంది, నీడ ఉండదు. గొడుగు, మనిషికి రెండు లీటర్ల నీళ్లు వెంట ఉండాల్సిందే.

ఓస్తియా వెళ్లడానికి అసలైన కారణం దారిలో ఉంది. అదే రైల్లో ముందుగా వచ్చే ఓస్తియా ఆంతీకా, ప్రాచీన రోమ్ రేవు పట్టణం శిథిలాలు. పొద్దున తెరవగానే లోపలికి వెళ్లి, పదకొండున్నరకి బయటపడి, మళ్లీ రైలెక్కి ఒడ్డు చేరితే రోజు దక్కినట్టే. తారుమారు చేస్తే, అంటే ముందు స్నానం, తర్వాత శిథిలాలు అనుకుంటే, మధ్యాహ్నం మూడింటి ఎండలో ఆ రాళ్ల మీద కాళ్లు కదలవు. సోమవారం మూసి ఉంటుంది. స్టేషన్ బయటకి వస్తే మళ్లీ ఎక్కడానికి కొత్త టికెట్ కావాలి, కాబట్టి పొద్దునే మూడు కొనిపెట్టుకోవడం మేలు. చిన్న స్టేషన్లలో మెషిన్ పనిచేయకపోతే టికెట్ కోసం సిగరెట్ కొట్టు, అదే తబాక్కి వెతుక్కోవాలి.

ఇక సాంతా మారినెల్లా. ఒక్క రోజే చేతిలో ఉంటే మొగ్గు దీనికే. రోమ్ ప్రధాన స్టేషన్ తెర్మిని నుంచి చివితావెక్కియా వైపు పోయే ఎఫ్‌ఎల్5 రైలు గంట లోపు దింపుతుంది, టికెట్ 5 యూరోల లోపే. ఇక్కడ మూడు చోట్ల దెబ్బ తింటారు. మొదటిది, ఈ రైళ్లు తెర్మినిలో చిట్టచివరి ప్లాట్‌ఫాంల నుంచి బయల్దేరతాయి. మెయిన్ హాల్ నుంచి పది నిమిషాలు గబగబా నడవాలి. రైలుకి ఐదు నిమిషాలుందని కాఫీ తాగుతూ నిలబడితే రైలు పోయినట్టే. రెండోది, రోమ్ సిటీ టికెట్ గానీ, 24, 48 గంటల పాసులు గానీ ఇక్కడిదాకా చెల్లవు. మూడోది, కాగితం టికెట్‌ని ప్లాట్‌ఫాం మీదున్న చిన్న మెషిన్‌లో పెట్టి ముద్ర వేయించుకోవాలి. ఫోన్‌లో కొంటే రైలెక్కే ముందు ‘చెక్ ఇన్’ నొక్కాలి. కొన్నాం కదా అని ఊరుకుంటే టికెట్ ఉన్నా జరిమానా పడుతుంది. తెలియదంటే వినరు.

వెళ్లేటప్పుడు ఎడమ కిటికీ దగ్గర కూర్చోవాలి, సముద్రం ఆ పక్కనే. చివితావెక్కియా క్రూయిజ్ ఓడల రేవు కాబట్టి ఈ లైన్లో సూట్‌కేసుల రద్దీ ఉంటుంది. అయితే ఓడ దిగి రోమ్ చూడటానికొచ్చేవాళ్లు పొద్దున రోమ్ వైపు, సాయంత్రం రేవు వైపు పోతారు. ఒడ్డుకెళ్లేవాళ్లది సరిగ్గా ఎదురు దారి, సీటు దొరకడం అంత కష్టం కాదు. రేవు దాకా మధ్యలో ఆగని రైళ్లూ ఉన్నాయి, బోర్డు మీద స్టేషన్ల వరస చదివే ఎక్కాలి.

స్టేషన్ నుంచి ఐదు నిమిషాల్లో ఒడ్డు. చిన్న వంపులో ఇసుక, రెండు పక్కలా రాళ్లు. రాతి అడుగు కావడం, టైబర్ దూరంగా ఉండటం వల్ల నీళ్లలో నడుస్తుంటే పాదాలు కనిపిస్తాయి. ఉచిత ఇసుక భాగం చిన్నది. జూలై, ఆగస్టు శని ఆదివారాల్లో పదింటికల్లా నిండిపోతుంది. రాళ్ల వైపు దిగేవాళ్లు రబ్బరు బూట్లు తప్పక వేసుకోవాలి. సముద్రపు ముళ్ల ఉండలు (సీ అర్చిన్ అనే జీవులు), ఇటలీలో రీచ్చీ అంటారు, ఆ సందుల్లోనే ఉంటాయి.

దీనికి ఒక స్టేషన్ ముందు సాంతా సెవేరా. నీళ్లని ఆనుకుని మధ్యయుగపు కోట, దాని పక్కన పొడుగాటి ఇసుక తీరం. రోమన్ల కన్నా ముందు ఇక్కడ వెలిగిన ఎట్రుస్కన్ల పీర్జీ రేవు ఇక్కడే ఉండేది. ఎట్రుస్కన్, ఫినీషియన్ భాషల్లో రాసిన బంగారు రేకులు 1964లో ఇక్కడే దొరికాయి. అవి ఇప్పుడు రోమ్‌లోని విల్లా జూలియా మ్యూజియంలో ఉన్నాయి, కోటలో వెతకొద్దు. అందంలో సాంతా మారినెల్లా కన్నా ఒక మెట్టు పైనే. కానీ స్టేషన్ నుంచి కోటకి ఇరవై నిమిషాలకు పైగా ఎండలో నడక. చిన్నపిల్లలు, పెద్దవాళ్లు ఉంటే ఆలోచించుకోవాలి.

ఆంజియో గురించి రెండు మాటలు చాలు. నీరో చక్రవర్తి పుట్టిన ఊరు, 1944 జనవరి 22న మిత్రరాజ్యాల సేనలు దిగిన తీరం. తెర్మిని నుంచి గంట ప్రయాణం. కాంపోలెయోనే స్టేషన్ దాటాక సింగిల్ లైనే కాబట్టి ఒక రైలు ఆలస్యమైతే ఎదురు రైలూ ఆగుతుంది. చరిత్ర మీద ఆసక్తి ఉంటే వెళ్లండి, ఈత కోసమే అయితే సాంతా మారినెల్లా నయం.

స్పెర్లోంగా వేరే లెక్క. రోమ్, నేపుల్స్ మధ్య ఫోర్మియా మీదుగా పోయే లైన్లో ఫొండీ–స్పెర్లోంగా స్టేషన్‌కి గంటా పది నిమిషాలు, టికెట్ 7 యూరోల దరిదాపు. స్టేషన్ పేరులో స్పెర్లోంగా ఉన్నా ఊరు అక్కడ లేదు, బస్సులో పావుగంట పైన పడుతుంది. దిగగానే తిరుగు బస్సుల వేళల పట్టికని ఫోటో తీసుకోండి, ఆదివారం బస్సులు తగ్గుతాయి. ఆఖరి బస్సు పోతే టాక్సీయే గతి, దాని ఖర్చు రోమ్ నుంచి వచ్చిన రైలు ఖర్చు కన్నా చాలా ఎక్కువ.

ఇంత తిప్పలు దేనికంటే తెల్లటి సున్నం ఇళ్ల ఊరు కొండ కొమ్ము మీద, కింద రెండు వైపులా లేత ఇసుక, లోతు మెల్లగా పెరిగే నీళ్లు. పిల్లలతో వెళ్లేవాళ్లకి రోమ్ చుట్టుపక్కల ఇంతకన్నా మంచి తీరం చెప్పడం కష్టం. తూర్పు వైపు ఒడ్డు వెంట నడిచిపోతే తిబేరియస్ చక్రవర్తి విల్లా, గుహ, మ్యూజియం వస్తాయి. 1957లో రోడ్డు వేస్తుండగా గుహలో శిల్పాల ముక్కలు వేల సంఖ్యలో బయటపడ్డాయి. వాటిని రోమ్‌కి తరలించబోతే ఊరివాళ్లు అడ్డం తిరిగారు. అందుకే మ్యూజియం ఇక్కడే కట్టి 1963లో తెరిచారు. గుహ చూడాలంటే మ్యూజియం టికెట్ కొనాలి, బీచ్ మీద నుంచి దారి లేదు. తడి బట్టలతో రానివ్వరు, పైన వేసుకోవడానికి ఒక జత సంచిలో ఉంచుకోవాలి.

గొడుగుల బేరం ఎక్కడైనా ఒకటే తీరు. ఒక గొడుగు (ఒంబ్రెల్లోనే), రెండు పడక కుర్చీలు (లెత్తీనో) కలిపి రోజుకి ఓస్తియాలో సుమారు 25 నుంచి 40 యూరోలు, స్పెర్లోంగాలో ఆగస్టులో ఇంకా పైన. ముందు వరసలకి ధర ఎక్కువ, వెనక్కి పోయేకొద్దీ తగ్గుతుంది. మధ్యాహ్నం రెండు తర్వాత పూట ధర ఇస్తారా అని అడగాలి, అడగనిదే చెప్పరు. వేడినీళ్ల షవర్‌కి చాలాచోట్ల టోకెన్ వేరే. డబ్బు కట్టకపోయినా నీటి అంచుదాకా నడిచి వెళ్లి స్నానం చేసే హక్కుంది. 2006 నాటి 296వ చట్టం ప్రకారం స్టాబిలిమెంతో వాళ్లు దారి ఇవ్వాలి. కానీ నీటి అంచున ఉన్న ఐదు మీటర్ల పట్టీ నడవడానికే, అక్కడ తువ్వాలు పరిస్తే లేపేస్తారు. చోటు పట్టుకోవడానికి ఉచిత బీచ్‌లో రాత్రి గొడుగు పాతి పోయేవాళ్ల సామాను కోస్ట్ గార్డ్ జప్తు చేస్తుంది.

విశాఖ, సూర్యలంక అలలకి అలవాటుపడ్డవాళ్లకి ఈ సముద్రం చెరువులా అనిపిస్తుంది. ఆటుపోట్ల తేడా ఒక మూర కూడా ఉండదు. ఆ ధీమాతోనే పొరపాటు చేస్తారు. మధ్యాహ్నం పడమటి గాలి లేచాక అలలు పెరుగుతాయి, ఒడ్డుకి అడ్డంగా కట్టిన రాళ్ల పక్కన నీరు లోపలికి లాగుతుంది. ఎర్ర జెండా ఉంటే దిగకూడదు. తెల్ల జెండా అంటే బాన్యీనో, అదే లైఫ్‌గార్డ్, కాపలా ఉన్నాడని. ఇసుకలో దాక్కునే త్రాచీనా అనే చేప ముల్లు గుచ్చుకుంటే ప్రాణం పోయినంత నొప్పి. చర్మం కాలకుండా ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో పాదం అరగంట పైగా ఉంచితే తగ్గుతుంది, ఐస్ పెట్టకూడదు. జెల్లీఫిష్ తగిలితే ఉప్పునీళ్లతోనే కడగాలి, మంచినీళ్లు పోస్తే మంట ఎక్కువవుతుంది. అత్యవసరానికి 112, సముద్రంలో ప్రమాదానికి కోస్ట్ గార్డ్ 1530.

రోజు ఎంచుకునేటప్పుడు రెండు చూడాలి. ఒకటి షోపెరో, అంటే రవాణా సమ్మె. ముందే ప్రకటిస్తారు, ఎక్కువగా శుక్రవారాలు. పనిదినాల్లో ప్రాంతీయ రైళ్లు పొద్దున 6 నుంచి 9, సాయంత్రం 6 నుంచి 9 మధ్య కొన్నైనా నడుస్తాయి. రెండోది ఆగస్టు 15. మనకి పంద్రాగస్టు జెండా పండగ, వాళ్లకి ఫెర్రగోస్తో, దేశమంతా ఒడ్డుకి చేరే రోజు. ఆ వారం గదులు దొరికినా కనీసం వారం రోజులకే ఇస్తామనేవాళ్లు ఎక్కువ. జూన్ రెండో సగం, సెప్టెంబర్ మొదటి సగం అన్నివిధాలా హాయి. సెప్టెంబర్ నీళ్లు జూన్ నీళ్లకన్నా వెచ్చన కూడా.

తిండికి శాకాహారులకి ముక్కలుగా కోసి అమ్మే పిజ్జా దిక్కు. ‘మారినారా’లో చీజ్ కూడా ఉండదు. సుప్లీ అనే అన్నం బోండాలు చూడటానికి మన పునుగుల్లా నిరపాయంగా కనిపిస్తాయి గానీ లోపల తరచు మాంసం సాస్ ఉంటుంది, అడిగే తినాలి. కాఫీ కౌంటర్ దగ్గర నిలబడి తాగితే ఒక ధర, కూర్చుంటే ఇంకో ధర.

రాత్రి బసకి ఓస్తియా పనికొచ్చేది ప్రయాణం ఆఖరి రోజున. ఫ్యూమిచీనో విమానాశ్రయానికి లీదో చెంత్రో నుంచి కోత్రాల్ అనే ప్రాంతీయ సంస్థ బస్సుంది, రైలు లేదు. తెల్లవారుజామున విమానమైతే మాత్రం ముందురోజే టాక్సీ చెప్పుకోవాలి. ఓస్తియా రోమ్ నగరంలో భాగమే కాబట్టి రోమ్ పర్యాటక పన్ను ఇక్కడా మనిషికి, రాత్రికి లెక్కన గది అద్దెకి అదనంగా పడుతుంది. స్పెర్లోంగాలో పాత ఊళ్లో గది తీసుకుంటే దృశ్యం అద్భుతం, కానీ అన్నీ మెట్లే, కారు పైకి రాదు. ఇరవై మూడు కిలోల సూట్‌కేసు ఉంటే కింద, ఒడ్డు దగ్గరే గది చూసుకోండి, లేదా పెద్ద సామాను తెర్మిని లగేజీ గదిలో వదిలి ఒక భుజం సంచితో రండి.