రీపర్‌లో ఆరేళ్లు: పదహారు చానెళ్లతో నా తంటాలు

చిక్కడపల్లిలో మేడ మీద గది, ఎనిమిది జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్, 49 కీల కీబోర్డు. ఈ సరంజామాతో ఆరేళ్లుగా రీపర్ అనే మ్యూజిక్ రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లోనే పాటలు కడుతున్నా. ఏడాదంతా భజనలు, పెళ్లి ఆల్బమ్‌లు. ఆషాఢం దగ్గరపడితే మాత్రం బోనాల పాటలు తప్ప వేరే ధ్యాస ఉండదు. 60 రోజులు ఊరికే వాడి చూసి, తర్వాత 60 డాలర్ల లైసెన్సు కొన్నా. ఏడాదికి 20,000 డాలర్లు దాటి సంపాదిస్తే ఎక్కువ కట్టాలట. ఆ బెంగ నాకు లేదు.

మొదట్లో ర్యామ్ కక్కుర్తితో ఒకే శాంప్లర్ (రికార్డు చేసిన వాద్యాల శబ్దాలని కీలతో పలికించే ప్లగిన్) తెరిచి తంబూర, నాదస్వరం, డోలు, తాళం అన్నీ అందులోనే కూరేవాణ్ణి. ఏ కీ నొక్కామో శాంప్లర్‌కి చెప్పేవి మిడీ సందేశాలు, అవి వెళ్లే పదహారు దారులే చానెళ్లు. ఒక పెళ్లి పాటకి తొందరలో తంబూరనీ నాదస్వరాన్నీ ఒకటో చానెల్లోనే పెట్టేశా. కింది కీలు తంబూరకి, పై కీలు నాదస్వరానికి. రెండూ విడివిడిగానే పలుకుతున్నాయి కదా అనుకున్నా. పాడే ఆవిడ హెడ్‌ఫోన్ తీసేసి, "శ్రుతి కదులుతోందేంటి తమ్ముడూ?" అన్నది. శాంపిళ్ల మీద నెపం పెట్టి సాయంత్రమంతా ట్యూనింగ్ సరిచేస్తూ కూర్చున్నా. తీరా చూస్తే, రిషభం నుంచి గాంధారానికి జారు వేద్దామని పిచ్ వీల్ (స్వరాన్ని వంచే చక్రం) తోసినప్పుడల్లా కింద తంబూర షడ్జమం కూడా దాంతోపాటే పైకి పోతోంది!

స్వరం నొక్కితే ఆ కీ ఒక్కటే పలుకుతుంది గానీ, పిచ్ బెండ్, అంటే ఆ చక్రంతో వేసే వంపు, చానెల్ మొత్తానికి తగులుతుంది. స్వరాన్ని పట్టి ఉంచే సస్టెయిన్ పెడల్ సంగతీ అంతే. పియానో వాయించేవాళ్లకి ఇది పెద్దగా తెలియకపోవచ్చు. గమకం పలికించాలనుకునే మనకి మాత్రం చానెల్ అంటే వాద్యానికీ వాద్యానికీ మధ్య గోడ.

ఇప్పుడు నాదస్వరం, వీణ, వేణువు దేని ట్రాక్ దానికే, దేని శాంప్లర్ దానికే. ర్యామ్ కాస్త ఎక్కువ తింటుంది, తిననీ. బెండ్ హద్దు మామూలుగా రెండు సెమీటోన్లే (రెండు స్వరస్థానాలే) ఉంటుంది కాబట్టి వాద్యాన్ని బట్టి పెంచుకుంటా. డప్పు, డోలు, తాళాలకి బెండ్‌తో పనిలేదు, అవన్నీ ఒకే శాంప్లర్‌లో వేర్వేరు చానెళ్లలో ఉంటాయి. దీనికి రీపర్ ఎఫెక్ట్స్ విండోలో 16 చానెళ్ల రూటింగ్‌ని (ట్రాక్‌ల నుంచి శాంప్లర్‌కి దారులని) ఒక్క క్లిక్‌తో కట్టిపెట్టే ఆప్షన్ ఉంది. అది తెలియక ఏడాది పాటు ఒక్కో సెండ్ (ఒక ట్రాక్ నుంచి ఇంకో ట్రాక్‌కి దారి) చేత్తో పెట్టా. నా కీబోర్డు ఎప్పుడూ ఒకటో చానెల్లోనే పంపుతుంది. ట్రాక్ ఇన్‌పుట్ మెనూలో దాన్ని కావలసిన చానెల్‌కి మళ్లించుకోవచ్చు. నేను రోజూ వాడేది ఇదే.

కొత్తవాళ్లు బోల్తా పడేది ఆమ్నీ అనే సెట్టింగ్ దగ్గర. శాంప్లర్‌లో ఏ వాద్యమైనా ఆమ్నీలో ఉంటే చానెల్ ఏదైనా సరే పలికేస్తుంది. డప్పు కొడితే తాళాలూ మోగాయంటే ముందు చూడాల్సింది అక్కడే. సెండ్ పెట్టేటప్పుడు మిడీ మాత్రమే ఉంచి ఆడియోని తీసేయండి.

ఆర్కెస్ట్రా మిత్రులు పంపే పాత మిడీ ఫైళ్లలో డ్రమ్స్ పదో చానెల్లో వస్తాయి. అది 1991లో జనరల్ మిడీ అనే ప్రమాణం పెట్టిన పద్ధతి. వాటిని చానెళ్లవారీగా విడగొట్టే కమాండ్ రీపర్‌లో ఉంది. డ్రమ్స్ పదిలో వస్తాయి కాబట్టే నా బోనాల టెంప్లేట్‌లోనూ డప్పుని పదిలోనే ఉంచా, ఎవరి ఫైల్ వచ్చినా తీన్మార్ పియానోలో మోగకుండా.