బోధనకు చేర్చవచ్చు, ర్యాంకుల పట్టికకు మాత్రం కాదు

మా అమ్మాయి ఇంటర్మీడియట్ ఎంపీసీ రెండేళ్లూ విజయవాడ శివారులోని ఒక కార్పొరేట్ రెసిడెన్షియల్ జూనియర్ కళాశాలలో చదివింది. ఇక్కడ రాస్తున్న పద్ధతులు ఆ ఒక్క కళాశాలకే పరిమితం కావు కనుక దాని పేరు చెప్పడం లేదు.

బోధన విషయంలో, ముఖ్యంగా గణితంలో, నాకు ఫిర్యాదు లేదు. రాత్రి స్టడీ అవర్‌లో కూడా సందేహాలు తీర్చడానికి అధ్యాపకులు అందుబాటులో ఉండేవారు. మెస్ భోజనం ఫర్వాలేదు, లాండ్రీలో బట్టలు మారిపోవడం మామూలే.

నా అభ్యంతరమంతా వారాంతపు పరీక్ష గురించే. జేఈఈ మెయిన్ నమూనాలో 75 ప్రశ్నలు, 300 మార్కులు, తప్పు జవాబుకు ఒక మార్కు కోత. మూడు గంటలు కుదురుగా కూర్చుని రాయడం పిల్లలకు అలవాటు కావాలి కాబట్టి పరీక్ష పెట్టడం సబబే. కానీ ఏ అధ్యాయంలో ఎక్కడ పొరబడ్డారో పిల్లలకు తెలిసేలోపే క్యాంపస్ ర్యాంకు నోటీసు బోర్డుకూ తల్లిదండ్రుల ఫోన్లకూ చేరిపోతుంది. ఆ ర్యాంకును బట్టి సెక్షన్ మారుతుంది, సెక్షన్‌తో పాటు అధ్యాపకులూ, ఒక్కోసారి హాస్టల్ గదీ మారతాయి. ముగ్గుల పోటీ మనకు కొత్త కాదు గానీ, సంక్రాంతి సెలవుల ముందు పెట్టిన ముగ్గుల పోటీలో సెక్షన్లవారీ ర్యాంకులు కూడా మా ఫోన్లకు వచ్చినప్పుడు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఇదంతా ఎందుకని అడిగితే, జీవితమంతా పోటీయే కదా, ఇప్పటినుంచే అలవాటు పడాలని డీన్ గారు సెలవిచ్చారు. ఐఐటీ సీట్లు తక్కువ, రాసేవారు ఎక్కువ కనుక ప్రవేశ పరీక్ష పోటీ పరీక్షేనని నేనూ ఒప్పుకుంటాను. అయితే మెయిన్‌ను దేశవ్యాప్తంగా పది లక్షల మందికి పైగా రాస్తారు. అంతమందిలో పక్క మంచం అమ్మాయి కంటే నాలుగు మార్కులు ఎక్కువ తెచ్చుకోవడం దేనికీ కొరగాదు. మా అమ్మాయి ఆమెకు రొటేషనల్ మోషన్ చెప్పి, ఆమె దగ్గర ఆర్గానిక్ కెమిస్ట్రీ చెప్పించుకుంటే ఇద్దరి పర్సంటైలూ పెరుగుతుంది. క్యాంపస్ పట్టికలో మాత్రం ఒకరు ఎక్కాలంటే మరొకరు దిగవలసిందే. అందుకే సెక్షన్లు మార్చే వారం దగ్గరపడితే ఎవరి నోట్సు వారి ట్రంకు పెట్టెలోకి వెళ్లిపోయేదట. చురుకైన పిల్లలందరినీ ఒకచోట చేర్చడమే ఈ కళాశాల అమ్ముతున్న అసలు సౌకర్యం. దాని ప్రయోజనాన్ని ఆ పట్టికతో తానే చెడగొడుతోంది, మనమేమో రెంటికీ కలిపి ఫీజు కడుతున్నాం.

విశాఖపట్నంలో కోచింగ్ తీసుకుంటూ మరణించిన ఒక విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో ఇచ్చిన మార్గదర్శకాలు, ప్రతిభను బట్టి పిల్లలను బ్యాచ్‌లుగా విడదీయడాన్నీ, అందరి ముందు అవమానించడాన్నీ వీలైనంతవరకు మానుకోవాలని చెబుతున్నాయి. ఆ ‘వీలైనంతవరకు’ అన్న మాటే కళాశాలవారికి తలుపు తెరిచి పెట్టింది. వారపు సెలవు మర్నాడు పరీక్ష పెట్టవద్దని కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో కోచింగ్ కేంద్రాలకు సూచించింది. ఇక్కడ సెలవు దినమైన ఆదివారమే పరీక్ష. ఆ సంగతి ప్రస్తావిస్తే, తమది జూనియర్ కళాశాలే తప్ప కోచింగ్ కేంద్రం కాదన్నారు. ప్రకటనల్లో మాత్రం ఇంటర్ మార్కుల కంటే జేఈఈ ర్యాంకులే పెద్ద అక్షరాల్లో ఉంటాయి.

చేర్చదలచుకున్నవారు ఫీజు కట్టకముందే కొన్ని సంగతులు కాగితం మీద రాయించుకోవడం మేలు: సెక్షన్లు ఎన్నాళ్లకోసారి మారుస్తారు, మార్చినప్పుడు అధ్యాపకులు కూడా మారతారా, ర్యాంకుతో పాటు తప్పుల విశ్లేషణ ఇస్తారా, మధ్యలో తీసుకెళ్తే ఎంత సొమ్ము వాపసు వస్తుంది. ఈ చివరి ప్రశ్నకు నోటిమాటగా వచ్చే జవాబును నమ్మవద్దు. మా రెండో అమ్మాయిని ఇంటి దగ్గరి కళాశాలలో డే స్కాలర్‌గా చేర్చాం.