సెకండ్ లైఫ్‌లో ఈజిప్టు వేషం: బిగుతు గౌనా, కుచ్చిళ్ళ లినెనా, బంగారు క్లియోపాత్రానా?

సెకండ్ లైఫ్‌లో ఈజిప్టు (మనకో త్రీడీ బొమ్మ, అంటే అవతార్, ఉండే ఆన్‌లైన్ లోకం అది) థీమ్ డాన్స్ ఉందని పిలుపు రాగానే అందరం చేసే పని ఒకటే, మార్కెట్‌ప్లేస్‌లో ఈజిప్షియన్ అని కొట్టి, ముందు కనపడ్డ బంగారం సెట్టు కొనేయడం. నేనూ అంతే చేశా. డెమో కూడా వేసుకోకుండా 700 లిండెన్లు (అక్కడి డబ్బు) పోసి కిరీటం, రెక్కలు, పాము వంకీలు, తళతళలాడే స్కర్టు అన్నీ ఉన్న సెట్టు తీసుకుని, నా స్క్రీన్ మీద నన్ను నేనే చూసి మురిసిపోతూ వెళ్ళా. పది నిమిషాలయ్యాక ఒక ఫ్రెండ్ మెల్లగా మెసేజ్ పెట్టింది, "నువ్వు నాకు బూడిదరంగు బొమ్మలా కనిపిస్తున్నావే" అని. కాంప్లెక్సిటీ, అంటే నన్ను గీయడానికి కంప్యూటర్ మీద పడే భారం, అంత ఎక్కువైంది మరి, సగం మంది వ్యూయర్లు (ఆ లోకాన్ని చూపించే సాఫ్ట్‌వేర్లు) నన్ను గీయడమే మానేశాయి. 700 లిండెన్లంటే మూడు డాలర్ల లోపే, డాలర్‌కి దాదాపు 250 వస్తాయి కదా, డబ్బు కన్నా సిగ్గే ఎక్కువ బాధపెట్టింది.

ఆ తర్వాత కాస్త కుదురుగా కూర్చుని, అసలు వాళ్ళు ఏం కట్టుకునేవాళ్ళో చదివి, షాపుల్లో దొరికేవాటితో పోల్చి చూశా. తిప్పి తిప్పి చూస్తే మనకి దొరికేవి మూడు రకాలే. పాత రాజ్యం (గిజా పిరమిడ్ల కాలం) నాటి తెల్ల బిగుతు గౌను ఒకటి, కొత్త రాజ్యం (నెఫెర్తారి రాణి కాలం) నాటి పల్చటి కుచ్చిళ్ళ లినెన్ ఒకటి, మూడోది హాలీవుడ్ క్లియోపాత్రా బంగారం. చాలా షాపులు ఈ మూడింటికీ కలసిరిస్ అనే ఒకటే పేరు తగిలించేస్తాయి, కానీ గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్ ఆ మాట వాడింది కాళ్ళ దగ్గర కుచ్చు అంచు ఉన్న లినెన్ చొక్కాకి, కాబట్టి పేరు చూసి మోసపోవద్దు, బొమ్మ చూసి కొనండి.

ముందు బిగుతు గౌను సంగతి. విగ్రహాల్లో, సమాధి గోడల మీద ఆడవాళ్ళు వేసుకుని ఉంటారే, రొమ్ము కింద మొదలై చీలమండల దాకా ఒంటికి అతుక్కుపోయి, పైన రెండు వెడల్పు పట్టీలు, అది. చూడ్డానికి అద్భుతం. కానీ ఆ గౌనుతో ఒక్క అడుగు కూడా వేయలేరు. తవ్వకాల్లో దొరికిన అసలు బట్టలు చూస్తే అలా లేవు కూడా. తార్ఖాన్‌లో పురావస్తు శాస్త్రవేత్త పెట్రీ 1913లో తవ్వినప్పుడు దొరికిన గుడ్డల మూటలో ఒక లినెన్ చొక్కా ఉంది, దాన్ని 1977లో గానీ ఎవరూ గుర్తుపట్టలేదు, కార్బన్ పరీక్షలో క్రీస్తుపూర్వం 3482-3102 మధ్యదని తేలింది. వి మెడ, చేతులకి సన్నటి కుచ్చిళ్ళు, వేసుకుని తిరిగిన ముడతలతో సహా ఉంది. అంటే మనిషి తిరగడానికి కుట్టిన బట్ట. గోడ మీది గౌను మాత్రం చిత్రకారుడు ఒంటి తీరు కనపడాలని గీసింది.

ఇప్పుడు దీన్ని అవతార్‌కి వేయండి, అదే కథ రిపీట్ అవుతుంది. బిగుతు గౌను మెష్‌ని (త్రీడీ ఆకారాన్ని) అవతార్ కాళ్ళ ఎముకలకి రిగ్ చేస్తారు, అంటే కాళ్ళతో పాటే కదిలేలా కడతారు, నిలబడి ఉన్నంతసేపూ గోడ మీది బొమ్మలా ముచ్చటగా ఉంటుంది, నడక మొదలెట్టగానే రెండు మోకాళ్ళ మధ్య గుడ్డ రబ్బరులా సాగుతుంది, ఇక కూర్చుంటే చూడకపోవడమే మంచిది. బేక్స్ ఆన్ మెష్ లేయర్‌గా, అంటే ఒంటి మీదే బట్ట బొమ్మని పరిచే పద్ధతిలో, వేస్తే చవక కదా అని కొందరంటారు. 2019లో అది వచ్చిన దగ్గర్నుంచి నేనూ లేయర్ల మనిషినే, కానీ లేయర్ అంటే చర్మం మీద రంగు పూసినట్టే, రెండు కాళ్ళ మధ్య ఖాళీని అది మూయలేదు, గౌను కాస్తా లెగ్గింగ్ అయి కూర్చుంటుంది. నడుము పైభాగానికి, లోపలి వరసకి మాత్రం లేయరే బెస్టు, ముఖ్యంగా జనరల్ రేటింగ్ ఉన్న రీజియన్‌కి వెళ్తే, అక్కడ ఆ రెండు పట్టీలతో సరిపెడితే కుదరదు, లోపల ఏదో ఒకటి ఉండాల్సిందే.

ఈ గౌను మీద వేసే పూసల వల గురించి చెప్పకపోతే పాపం. బోస్టన్ మ్యూజియంలో ఒకటుంది, గిజాలో 1927లో దొరికింది, ఫారో ఖుఫు కాలం నాటి ఒకావిడ సమాధిలోది. దారాలన్నీ ఎప్పుడో పుచ్చిపోయినా దాదాపు 7,000 పూసలు పడిన చోటే ఉండటంతో మళ్ళీ గుచ్చగలిగారు. నీలం, పచ్చనీలం రంగులు, లాపిస్, టర్కాయిస్ రాళ్ళలా కనపడాలని. దీన్ని సెకండ్ లైఫ్‌లో ప్రతి పూసా విడి మెష్‌గా చేసిన సెట్టు కొన్నారో, నాకు పట్టిన గతే మీకూ. వలని టెక్స్చర్‌గా (పైన అంటించే బొమ్మగా) వేసినది తీసుకోండి, రెండడుగుల దూరం నుంచి తేడా ఎవడికీ తెలియదు.

రెండోది కుచ్చిళ్ళ లినెన్. రెండో రామ్సెస్ రాణి నెఫెర్తారి సమాధి బొమ్మలు చూసే ఉంటారు, రాణుల లోయలో 1904లో ఇటలీ పురావస్తు శాస్త్రవేత్త స్కియాపరెల్లి కనిపెట్టింది. పల్చటి తెల్ల బట్ట, వదులు చేతులు, నడుముకి ఎర్ర పట్టీ చుట్టి ముందుకి వేలాడదీసి, తల మీద రాబందు కిరీటం, దానిపైన రెండు పొడుగు ఈకలు. చీర కుచ్చిళ్ళు రోజూ చూసేవాళ్ళం కాబట్టి కాబోలు, మనకి ఇది చూడగానే సొంతంగా అనిపిస్తుంది, బట్ట ఎక్కడ పడాలి ఎక్కడ విచ్చుకోవాలి అనేది కంటికి వెంటనే తెలిసిపోతుంది.

దీనికి పెద్ద తలనొప్పి పారదర్శకత. పల్చటి బట్టని ఆల్ఫా బ్లెండింగ్‌తో (వెనకది కొంచెం కనపడేలా రంగులు కలిపే పద్ధతి) చేస్తారు, జుట్టు కొసలూ అదే పద్ధతి, ఇక రెండూ ఒకదానిమీద ఒకటి పడ్డప్పుడు ఏది ముందో ఏది వెనకో సాఫ్ట్‌వేర్‌కి తెలియక తడబడుతుంది. జుట్టు వెనక భుజం మీది బట్ట మాయమైపోతుంది, కెమెరా కాస్త తిప్పితే తిరిగొస్తుంది. నేను వారం రోజులు దీంతో కొట్టుకుని చివరికి కనిపెట్టిన చిట్కా ఏంటంటే, బట్టని కాదు జుట్టుని మార్చాలి. వాళ్ళు ఎలాగూ విగ్గులే పెట్టేవాళ్ళు కదా, మనిషి జుట్టుతో సన్నటి జడలల్లి, తేనెమైనంతో గట్టిపరిచి. అలాంటి జడల విగ్గుని గట్టి మెష్‌తో చేసినవి దొరుకుతాయి, ఆల్ఫా వెంట్రుకే ఉండదు, గొడవే లేదు. పాత పద్ధతే సరైన ఫిక్స్ అవడం చూసి నాకు భలే సంతోషమేసింది.

స్కర్టు భాగానికి రిగ్గెడ్ మెష్ మంచిదా, పాతకాలం ఫ్లెక్సీ (రిగ్ లేకుండా దానంతటదే ఊగే ముక్కలు) మంచిదా అంటే, నా ఓటు డాన్స్‌కి ఫ్లెక్సీకే. 2011లో మెష్ వచ్చాక ఫ్లెక్సీని అందరూ చిన్నచూపు చూశారు, నిజమే, కాళ్ళలోంచి దూరిపోతుంది, కుర్చీలోంచి కిందకి వేలాడుతుంది, కానీ గాలికి ఊగుతుందండీ, ఆ ఊగడం రిగ్గెడ్ కుచ్చిళ్ళకి రాదు. ఫొటోలు తీసుకోవడమే పనైతే మెష్ తీసుకోండి.

మూడోది, క్లియోపాత్రా. ఆవిడ నెఫెర్తారి తర్వాత 1,200 ఏళ్ళకి చనిపోయింది, క్రీస్తుపూర్వం 30లో, వంశం మాసిడోనియా గ్రీకులది, నాణేల మీద చూస్తే జుట్టు పాయలు పాయలుగా వెనక్కి దువ్వి ముడేసుకుని తలకి ఒక పట్టీ కట్టుకుని ఉంటుంది. నుదుటి మీద సమంగా కత్తిరించిన నల్లజుట్టు, ఒంటినిండా బంగారం, అదంతా సినిమా వాళ్ళ పుణ్యం. తప్పేం లేదు, ఫాంటసీ ఫాంటసీయే, పార్టీలో అందరి కళ్ళూ దానిమీదే పడతాయి కూడా. పీబీఆర్ (వెలుతురు నిజంలా పడేలా చేసే కొత్త పద్ధతి) వచ్చాక బంగారం నిజంగా బంగారంలా మెరుస్తోంది, కాకపోతే ఆ మెరుపు రావాలంటే ఆ చోట వెలుతురు, రిఫ్లెక్షన్లు బాగుండాలి, పీబీఆర్ లేని పాత వ్యూయర్ వాడేవాళ్ళకి షాపువాడు మామూలు టెక్స్చర్ కూడా పెట్టాడా లేదా చూసుకోవాలి. గ్లో పెట్టి మెరిపించే సెట్టు అయితే అసలొద్దు, ట్యూబ్‌లైట్‌లా ఉంటుంది. మగవాళ్ళ సెట్లకీ ఇదే రోగం, ఫారో అంటే తల నుంచి కాలిదాకా బంగారం పూసేస్తారు, చక్కగా తెల్ల షెందిత్ పంచె, నెమెస్ తలగుడ్డ, పాదాలకి చెప్పులు చాలు కదా.

మరి ఏది మేలు? నేనైతే కుచ్చిళ్ళకే ఓటేస్తా. నిలబడి ఫొటో దిగడానికే అయితే బిగుతు గౌను, పదిమందిలో వెలగాలంటే బంగారం, కానీ నడవాలి, ఆడాలి, రెండు గంటలు అక్కడ ఉండాలి అంటే కుచ్చిళ్ళదే గెలుపు. ఇంకో మాట, గౌనుకి ఎక్కువ పోయకండి. అవిసె నారకి రంగు సరిగ్గా పట్టదు, అందుకే వాళ్ళ బట్టలు ఎక్కువగా తెలుపే, రంగంతా మెడలోనే ఉండేది. ఆ వెసెఖ్ అనే పూసల పట్టీ, మెడ నుంచి భుజాల అంచుదాకా వరసలు వరసలుగా పరుచుకునేది, దానికి పెట్టండి డబ్బులు. మోడిఫై పర్మిషన్ (కొన్నాక మార్చుకునే వీలు) ఉన్నది, రిగ్ చేయనిది తీసుకుని ఛాతీ పాయింట్‌కి తగిలించి మీ భుజాలకి సరిపడా సాగదీసుకోండి. రిగ్ చేసింది చేయెత్తినప్పుడల్లా రబ్బరులా వంగుతుంది, పూసల పట్టీ వంగితే ఏం బాగుంటుంది.

కాటుక అయితే దాదాపు ఫ్రీ, లేయర్‌గా బోలెడు దొరుకుతాయి. పాత రాజ్యం వేషానికి కళ్ళ కింద మలకైట్ రాయి పచ్చ, కొత్త రాజ్యం వేషానికి గలీనా (సీసపు ఖనిజం) నలుపు, ఆడా మగా ఇద్దరికీ. మగ అవతార్లు ఇక్కడే జంకుతారు, జంకకండి.

హైదరాబాద్ వాళ్ళకి పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో మమ్మీ ఉంది కదా, చిన్నప్పుడు స్కూల్ ట్రిప్‌లో అందరం భయంభయంగా చూసిందే. మమ్మీలకి చుట్టే గుడ్డల్లో చాలావరకు ఇంట్లో వాడేసిన పాత లినెన్ చింపినవే అని ఈమధ్యే చదివా, అప్పట్నుంచి ఆ కట్లు చూస్తే భయం పోయి ఎవరి పాత చొక్కానో అనిపిస్తోంది.

నా ప్రస్తుత సెట్టు చెప్తా: కుచ్చిళ్ళ ఫ్లెక్సీ స్కర్టు 120 లిండెన్లు, పైన తెల్ల లేయర్ ఒక ఫ్రీబీ, జడల విగ్గు 250, వెసెఖ్ 300. ఆ 700 సెట్టు కన్నా తక్కువే. మొన్న డాన్స్‌కి ఇదే వేసుకెళ్ళి మొదట అడిగింది ఆ ఫ్రెండ్‌నే, కనపడుతున్నానా అని.